బుద్ధిమాంద్యం ఉన్న బిడ్డ పనులను భార్యాభర్తలు ఎలా పంచుకోవాలి?

ఇలాంటి బిడ్డ ఉన్న ఇంట్లో ఆలుమగల మధ్య దూరం పెంచేది చాలావరకు ఒకటే: పనంతా ఒక్కరి మీద, ఎక్కువగా తల్లి మీద పడటం. అందుకే పంపకంతో మొదలుపెట్టండి.

ముందు ఒక వారం పాటు ఎవరు ఏం చేస్తున్నారో నోటుపుస్తకంలో రాయండి. స్నానం, తినిపించడం, మందులు, థెరపీకి తిప్పడం, అన్నీ. రాత్రి ఎన్నిసార్లు ఎవరు లేచారో తప్పక రాయాలి. పక్కవాళ్లకు కనపడని పని అదే.

తర్వాత ఒక్కో పనిని పూర్తిగా ఒకరికి అప్పగించండి. "కాస్త సాయం చేస్తాలే" అంటే గుర్తుపెట్టుకునే బరువు మళ్లీ తల్లిదే అవుతుంది. మందులు తండ్రి వంతైతే కొనడం, వేళకు వేయడం, డాక్టర్ దగ్గరికి తీసుకెళ్లడం అన్నీ ఆయనవే. బిడ్డకు ఫిట్స్ మందు వాడుతుంటే, ఇంకా పది రోజులకు సరిపడా ఉండగానే కొత్తది తేవాలి. ఉన్నట్టుండి ఆగితే ఫిట్స్ తిరగబెట్టవచ్చు.

నేర్పడంలో మాత్రం ఇద్దరిదీ ఒకే పద్ధతి కావాలి. ఉదాహరణకు నిక్కరు తొడుక్కోవడం. కాళ్లు దూర్చడం, మోకాళ్ల దాకా లాగడం, తొడల దాకా లాగడం మీరు చేయండి. నడుము దాకా లాగే చివరి మెట్టు బిడ్డకు వదలండి. పని పూర్తిచేసిన సంతోషం బిడ్డకే దక్కుతుంది. నాలుగైదు రోజులు వరుసగా సొంతంగా చేశాక, మోకాళ్ల దగ్గర వదలండి. ఎలాస్టిక్ వదులుగా ఉన్న, ఒక సైజు పెద్ద నిక్కరైతే సులువు. ఇద్దరూ "పైకి లాగు" అనే ఒకే మాట వాడాలి. చెప్పాక మనసులో పది లెక్కపెట్టే దాకా ఆగండి, మాట అందుకోవడానికి ఆ వ్యవధి కావాలి. స్కూలు ఆటో వచ్చిందని నాన్నో నానమ్మో గబగబా తొడిగేస్తే నేర్పిందంతా పోతుంది, తల్లికి ఒళ్లు మండుతుంది. పొద్దున హడావిడైతే నేర్పడాన్ని సాయంత్రం స్నానానికి మార్చుకోండి.

"మీ వంశంలోనే ఉంది" అనే మాట ఇంట్లో వినపడకూడదు. డౌన్ సిండ్రోమ్ చాలావరకు వంశపారంపర్యం కాదు, 21వ క్రోమోజోమ్ ఒకటి అదనంగా రావడం వల్ల వస్తుంది. కాన్పులో ఆక్సిజన్ అందకపోవడం, పుట్టుకతో ఉన్న థైరాయిడ్ లోపానికి వెంటనే మందు పడకపోవడం కూడా కారణాలే. జన్యువుల వల్ల వచ్చినా అది ఎవరి తప్పూ కాదు. మరో బిడ్డను అనుకుంటే ముందే జెనెటిక్ కౌన్సెలింగ్‌కు (జన్యు సమస్యలపై నిపుణుల సలహాకు) వెళ్లండి. అత్తగారు కోడల్ని అంటే జవాబు చెప్పాల్సింది కొడుకే. పుట్టింటివాళ్లు అల్లుణ్ని అంటే కూతురే.

వారానికి రెండు గంటలైనా ఇద్దరే బయటికి వెళ్లండి. ఆ సమయంలో బిడ్డను చూసుకోవడానికి పిన్నినో బాబాయినో సిద్ధం చేసుకోవాలి. మొదట మీరు ఉండగా అరగంట, తర్వాత మీరు లేకుండా గంట. ఆ పని రోజూ తోబుట్టువుల నెత్తిన పెట్టకండి, వాళ్లూ పిల్లలే.

కాగితాల పని ఒకరు చూసినా ఫైలు ఎక్కడుందో ఇద్దరికీ తెలియాలి: సదరం సర్టిఫికెట్ (వైకల్య ధ్రువపత్రం), యూడీఐడీ కార్డు (దివ్యాంగుల గుర్తింపు కార్డు), లక్ష రూపాయల వరకు ఉండే నిరామయ ఆరోగ్య బీమా. బిడ్డకు 18 నిండాక తల్లిదండ్రులే అయినా చట్టప్రకారం సంరక్షకులుగా దానంతటదే కొనసాగరు. 1999 నేషనల్ ట్రస్ట్ చట్టం కింద కలెక్టర్ అధ్యక్షతన ఉండే స్థానిక కమిటీకి దరఖాస్తు చేసుకోవాలి. ఇద్దరి పేర్లతో కలిపి పెట్టండి.