పెద్దాయన మొదటి ప్రశ్న రాసుకోండి

ఇరవై ఏళ్లు జీడిమెట్లలో ఒక మందుల కంపెనీ అకౌంట్స్‌లో పనిచేశాను. బడ్జెట్ మీటింగ్‌లో నా కుర్చీ తలుపు పక్కన. అక్కడ కూర్చుని నేర్చుకున్నది ఒక్కటే: కంపెనీ నడిపే పెద్దాయన ఏ దారి పడతారో తెలియాలంటే, ఆయన ఎక్కడ గెలిచి పైకొచ్చారో తెలుసుకోవాలి.

ఒక నోట్‌బుక్ పెట్టుకోండి. సమస్య టేబుల్ మీదికి రాగానే ఆయన అడిగే మొదటి ప్రశ్న రాయండి. రెండోది వద్దు, అప్పటికే ఎవరో మాట కలుపుతారు. మా ఎండీ గారు కెమిస్ట్. మందు తయారయ్యే పెద్ద పాత్ర, అంటే రియాక్టర్ పక్కన నిలబడి కంపెనీని నిలబెట్టిన మనిషి. ధర పడిపోయినా, కస్టమర్ వెళ్లిపోయినా ఆయన అడిగేది "యీల్డ్ ఎంత?" అనే. అంటే, వేసిన ముడిసరుకుకు ఎంత సరుకు తయారై వచ్చిందని. ఒకసారి పెద్ద కస్టమర్ ఆర్డర్లు ఆపేశాడు. అడిగిన డాక్యుమెంట్లు మేం నెలల తరబడి పంపకపోవడమే కారణం. మేమేం చేశామో తెలుసా? ఇంకో రియాక్టర్ కొన్నాం.

ఆరు నెలలు రాశాక, గత ఐదేళ్లలో పెట్టుబడి ఎటు పోయిందో తీసి ఆ నోట్‌బుక్ పక్కన పెట్టి చూడండి. మీటింగ్‌కి ఎవరిని పిలవడం లేదో కూడా చూడండి. మా దగ్గర ఆ డాక్యుమెంట్ల పని చూసే రెగ్యులేటరీ వాళ్లకు కబురే వెళ్లేది కాదు.

తెలిసింది కదా అని "మీరు తప్పు" అనకండి. నేనన్నాను. ఆ ఏడాది ఇంక్రిమెంట్ సంగతి ఇక్కడెందుకులెండి. తాను పట్టిన కుందేలుకు మూడే కాళ్లనే మనిషి ముందు కూర్చుని కాళ్లు లెక్కపెట్టకూడదు.

దానికి బదులు ఇంటెల్‌లో అప్పటి ప్రెసిడెంట్ ఆండీ గ్రోవ్ వేసిన ప్రశ్న వేయండి. కంప్యూటర్ల మెమరీ చిప్‌లతో పైకొచ్చిన కంపెనీ అది. జపాన్ వాళ్లు చవగ్గా అమ్ముతుంటే ఏం చేయాలో తేలక నష్టపోతోంది. 1985లో ఒకరోజు గ్రోవ్ కిటికీలోంచి దూరంగా తిరుగుతున్న జెయింట్ వీల్ చూస్తూ, సీఈఓ గోర్డన్ మూర్‌ను అడిగారు: మనల్ని తీసేసి బోర్డు కొత్త సీఈఓను తెస్తే అతనేం చేస్తాడు? మెమరీ వదిలేస్తాడు అన్నారు మూర్, తడుముకోకుండా. అయితే మనమే ఆ తలుపు దాటి వెళ్లి, మళ్లీ లోపలికొచ్చి, ఆ పని చేద్దాం అన్నారు గ్రోవ్. నాకు నచ్చింది ఆ తర్వాతి సంగతి. మెమరీ లేకపోతే కస్టమర్లు పోతారని లోపలివాళ్లు భయపడ్డారు. తీరా చెబితే, ఇంతకాలం పట్టిందేం అన్న కస్టమర్లూ ఉన్నారు.

ఇక మీ మాటను ఆయన భాషలో పెట్టండి. నేను రెండోసారి వెళ్లినప్పుడు ఒకే పేజీ తీసుకెళ్లాను. పైన పెట్టిన హెడ్డింగ్: "గోడౌన్ దాటిన యీల్డ్". తయారైన సరుకులో కాగితాలు లేక ఆగిపోయింది ఎంత అని లెక్క వేశాను. ఆయన రెండుసార్లు చదివి, రెగ్యులేటరీ మేనేజర్‌ను అప్పుడే పిలిపించారు.

చివరిగా, అదే నోట్‌బుక్‌లో మీ మొదటి ప్రశ్న కూడా రాసుకోండి. నాది ఎప్పుడూ "పేమెంట్ ఎప్పుడొస్తుంది?" అనే. డాక్యుమెంట్లు అందలేదని ఆ కస్టమర్ రాసిన మెయిల్ మొదట నాకే వచ్చింది. లెడ్జర్ తెరిచాను, వాళ్ల బాకీ ఏమీ లేదు. మెయిల్ మూసేశాను.