గేమ్ థియరీని ఆరు వారాల్లో లోతుగా చదవడం ఎలా?

ఎదుటివారు ఏం చేస్తారో లెక్కలో వేసుకుని మన నిర్ణయం తీసుకోవాల్సిన సందర్భాలను విశ్లేషించేదే గేమ్ థియరీ. దాని పాఠాలు ఎక్కువగా ఇద్దరు ఖైదీల కథతో మొదలవుతాయి: నేరం ఒప్పుకోవాలా, నోరు మెదపకూడదా అని ఇద్దరూ విడివిడిగా తేల్చుకోవాలి. కథ బాగుంటుంది, అందుకే చాలామంది దాన్ని విని అక్కడే ఆగిపోతారు. అర్థశాస్త్రం కొంత తెలిసి, లెక్కలంటే బెదరని పాఠకులకు నేను చెప్పే దారి వేరు: వేలంపాటలతో మొదలుపెట్టండి. హైదరాబాద్‌లో ఉన్నవారికి వాటి ఉదాహరణలకు కొదవ లేదు.

ముందు లెక్కల సంగతి

ఇంటర్ ఎంపీసీలో చదివిన సంభావ్యత, అవకలనం సరిపోతాయి. ఒక చిన్న పరీక్ష పెట్టుకోండి. 0 నుంచి 100 లోపు ఏవైనా రెండు సంఖ్యలు తీస్తే వాటిలో చిన్నదాని సగటు ఎంత? 33.3 అని కాగితం మీద రాబట్టగలిగితే ముందుకు వెళ్లండి. లేకపోతే మొదటి వారం సంభావ్యతకే ఇచ్చేయండి. ఐఐటీల ఆన్‌లైన్ పాఠాల వేదిక ఎన్‌పీటెల్‌లో గేమ్ థియరీ వీడియో పాఠాలు ఉచితంగా దొరుకుతాయి. అయితే వీడియో చూసిన సమయానికి రెట్టింపు సమయం లెక్క చేయడానికి పెట్టుకోవాలి. ఇద్దరు ముగ్గురు తోడుంటే మరీ మంచిది.

మొదటి రెండు వారాలు: సీల్డు కవరు వేలం

ఎక్కువ పాడినవారు గెలుస్తారు, కానీ రెండో పెద్ద పాట మొత్తమే కడతారు. ఆర్థికవేత్త విలియం విక్రీ 1961లో విశ్లేషించిన పద్ధతి ఇది. మీ దృష్టిలో వస్తువు విలువ 60 అనుకోండి. 70 రాశారు, ఎదుటివారు 65 రాశారు: గెలిచి 5 నష్టపోతారు. 50 రాశారు, ఎదుటివారు 55 రాశారు: చేతికందే 5 లాభం పోగొట్టుకుంటారు. మిగతా సందర్భాలన్నీ రాసి చూడండి. ఉన్న విలువను ఉన్నట్టు రాయడం కంటే మెరుగైన వ్యూహం కనిపించదు.

ఇప్పుడు నిబంధన మార్చండి: గెలిచినవారు తమ పాటనే కట్టాలి. పోటీదారులు ఇద్దరే, విలువలు 0 నుంచి 100 మధ్య ఎక్కడైనా సమానంగా ఉండవచ్చు. ఎదుటివారు తమ విలువలో సగం రాస్తారనుకుని మీ లాభం సగటును అవకలనం చేస్తే, మీరూ సగమే రాయాలని తేలుతుంది. ఎవరికీ పక్కకు జరగాల్సిన అవసరం లేని ఆ స్థితే నాష్ సమతౌల్యం. పోటీదారులు పెరిగి n మంది అయితే, విలువను (n−1)/n తో గుణించి రాయాలి. ఇక అమ్మకందారుకు సగటున వచ్చేది లెక్కకట్టండి. పోటీదారులు ఇద్దరే అయితే రెండు పద్ధతుల్లోనూ అదే 33.3. ఈ ఫలితాన్ని స్వయంగా రాబట్టకుండా మూడో వారంలోకి వెళ్లవద్దు.

మూడో వారం: ఊళ్లోని వేలాలు

సూత్రం ఎక్కడ బెసుకుతుందో చూడటమే ఈ వారం పని. 2023 ఆగస్టులో కోకాపేట నియోపోలిస్‌లో ఎకరం వంద కోట్లు దాటింది. అలాంటి భూమి రేపటి ధర అందరికీ దాదాపు ఒకటే, అంచనాలే వేరు. అందరికంటే ఎక్కువ అంచనా వేసినవారే గెలుస్తారు కాబట్టి, గెలవడమే అతిగా అంచనా వేశారనడానికి సూచన. దీన్ని విజేత శాపం అంటారు. జాగ్రత్తపరులు దాన్ని ముందే లెక్కలో వేసుకుని పాట తగ్గించుకుంటారు. వేలాల సిద్ధాంతానికి 2020లో నోబెల్ అందుకున్న ఇద్దరిలో రాబర్ట్ విల్సన్ లోతుగా తవ్విన విషయం ఇదే.

బాలాపూర్ వినాయకుడి లడ్డూ వేలం సంగతి పూర్తిగా వేరు. 1994లో 450 రూపాయలకు పోయిన లడ్డూ 2025లో 35 లక్షలు పలికింది. అదే వేలాన్ని సీల్డు కవర్లలో, పేర్లు బయటపెట్టకుండా జరిపితే ఎంత వస్తుందో ఊహించండి. భక్తి ఉంటుంది, నమ్మకం ఉంటుంది, కానీ జనం మధ్య పెద్ద మొత్తం పాడటం కూడా ప్రతిఫలంలో భాగమే. బయటికి కనిపించని స్తోమతను ఖర్చుతో కూడిన పని చేసి చాటుకోవడం గురించి ఆర్థికవేత్త మైకేల్ స్పెన్స్ 1973లో ప్రతిపాదించిన సంకేతాల నమూనాను ఇక్కడ చదివితే వెంటనే బుర్రకెక్కుతుంది.

నాలుగో వారం: మిశ్రమ వ్యూహం

ఎప్పుడూ ఒకే పని చేయకుండా, ఏది ఎంత తరచుగా చేయాలో సంభావ్యతతో ఎంచుకోవడమే మిశ్రమ వ్యూహం. లోకల్ రైలు టికెట్టు 10 రూపాయలు అనుకోండి, పట్టుబడితే టికెట్టు ధరతో పాటు 250 జరిమానా, అంటే 260. తనిఖీ జరిగే సంభావ్యత 26లో 1 అయితే ప్రయాణికుడికి టికెట్టు కొన్నా కొనకపోయినా ఒకటే. తనిఖీకి మనిషికి 13 రూపాయలు ఖర్చవుతుందని ఊహిస్తే, 20 మందిలో ఒకరు టికెట్టు లేకుండా ఎక్కినప్పుడు రైల్వేకు తనిఖీ చేసినా చేయకపోయినా ఒకటే. చిత్రం చూడండి: తనిఖీ ఎంత తరచుగా ఉండాలో ప్రయాణికుడి లాభనష్టాలు నిర్ణయిస్తున్నాయి, ఎగవేత ఎంత ఉంటుందో రైల్వే ఖర్చు నిర్ణయిస్తోంది. విద్యార్థులు ఎక్కువగా తడబడేది ఇక్కడే, తొందరపడకండి. తర్వాత టికెట్టు ధర 20 చేసి లెక్క మళ్లీ చేయండి.

చివరి రెండు వారాలు: చీటీ పాట

ఇరవై మంది, నెలకు అయిదు వేలు, లక్ష రూపాయల చీటీ. ఒకరు 20 వేలు వదులుకుని పాడుకున్నారు. కమిషన్ 5 వేలు పోగా మిగిలిన 15 వేలు అందరికీ తలా 750 వస్తుంది, పాడుకున్నవారికి కూడా. (కమిషన్ గరిష్ఠ పరిమితిని 2019 చట్ట సవరణ 5 నుంచి 7 శాతానికి పెంచింది, లెక్కను రెండు విధాలా చేయండి.) మామూలు వేలంలో ఓడినవారికి ఏమీ రాదు, ఇక్కడ గెలిచినవారు ఎంత ఎక్కువ వదులుకుంటే ఓడినవారికి అంత లాభం. కాబట్టి డబ్బు అవసరం లేనివారు కూడా పాట పెంచుతారు. పెంచి పెంచి చీటీ తమకే అంటుకునే ప్రమాదమూ ఉంది. దీనికి నమూనా మీరే రాయండి, ముందు ఇద్దరు సభ్యులతో, తర్వాత ముగ్గురితో.

అది కుదిరాక అసలు ప్రశ్నకు రండి: మూడో నెలలోనే చీటీ ఎత్తుకున్నవారు మిగతా పదిహేడు నెలలు ఎందుకు కడతారు? చివరి నెల నుంచి వెనక్కి లెక్కిస్తూ రండి. పరువు ఒక్కటే కట్టిస్తుందా, లేక జామీను సంతకాలు, జీతం రసీదులు లేకుండా ఈ ఆట నిలబడదా అన్నది మీ ప్రతిఫలాల పట్టికలోనే తేలాలి.