రెండు ప్రపంచ యుద్ధాల మధ్య ఇంగ్లండ్ ఊరి జనన మరణాల రేట్లు మనమే లెక్కకట్టుకోవడం ఎలా

ముందే ఒక మాట, ఇక్కడ ఊరంటే 'అర్బన్ డిస్ట్రిక్ట్', అది మన జిల్లా కాదు. 1894 చట్టంతో పుట్టి 1974 దాకా నడిచిన చిన్న పట్టణపు పాలక ప్రాంతం, దాదాపు మన మున్సిపాలిటీ లాంటిది. ప్రతి దానికీ ఒక మెడికల్ ఆఫీసర్ ఆఫ్ హెల్త్, అంటే ఊరి ఆరోగ్యం చూసే అధికారి ఉండేవాడు, ఏటా జనన మరణాల అంకెలతో రిపోర్టు రాసేవాడు. లండన్, దాని చుట్టుపక్కల ఊళ్ల రిపోర్టులు వెల్‌కమ్ కలెక్షన్ సైట్‌లో ఉచితంగా దొరుకుతాయి.

లెక్క తేలికే. ఏడాదిలో పుట్టినవాళ్లను ఆ ఏడాది నడిమి జనాభాతో భాగించి వెయ్యితో గుణించాలి. 40 వేల మంది ఉన్న ఊళ్లో 600 మంది పుట్టారనుకోండి, రేటు 15. మరణాలకీ అంతే. శిశు మరణాల రేటుకి మాత్రం జనాభాతో పని లేదు, ఏడాది నిండకుండా పోయిన పిల్లల్ని ఆ ఏటి సజీవ జననాలతో భాగించి వెయ్యితో గుణించాలి.

అసలు తిప్పలంతా ఆ జనాభా అంకె దగ్గరే. లండన్ పక్కనున్న డాగెన్‌హామ్‌నే తీసుకోండి, లండన్ కౌంటీ కౌన్సిల్ అక్కడ బెకంట్రీ కాలనీ కట్టడంతో 1921లో సుమారు 9 వేలున్న జనం 1931కి 89 వేలు దాటారు. 1929 జననాలను 1921 జనాభాతో భాగిస్తే వచ్చే రేటు చూసి మీకే నవ్వొస్తుంది! అందుకే సెన్సస్ అంకె కాకుండా, రిజిస్ట్రార్ జనరల్ (దేశంలో జనన మరణాల నమోదు చూసే అధికారి) ఏటా ఇచ్చిన అంచనానే వాడండి, రిపోర్టు మొదటి పేజీల్లోనే ఉంటుంది. ఊరి సరిహద్దులు మారాయేమో కూడా చూసుకోండి, 1930లలో చాలాచోట్ల మార్చారు.

తర్వాత, ఎవరిని ఏ ఊరి ఖాతాలో వేశారన్నది. మన దగ్గర అమ్మాయి పుట్టింటికెళ్లి కంటే బిడ్డ పుట్టుక ఆ ఊళ్లోనే నమోదవుతుంది కదా, అక్కడా అంతే, పక్క ఊరి ఆసుపత్రిలో పోయినవాళ్లు అక్కడి రిజిస్టర్‌కే ఎక్కేవాళ్లు. రిపోర్టు పట్టికలో బయటివాళ్లను తీసేసి, బయట పోయిన మనూరివాళ్లను కలిపిన 'నెట్' అంకె వేరే ఉంటుంది, అదే తీసుకోండి.

పోల్చడానికి దేశం మొత్తం అంకెలు పక్కన పెట్టుకోండి. ఇంగ్లండ్, వేల్స్‌లో జననాల రేటు 1920లో 25.5, 1933కి 14.4కి పడిపోయింది. మరణాల రేటు మాత్రం 12 దరిదాపుల్లోనే తచ్చాడింది. శిశు మరణాలు 1920లో వెయ్యికి 80, 1930లో 60.

మీ ఊరి మరణాల రేటు 8 వచ్చిందని అక్కడి గాలి మంచిదని రాసేయకండి, కుర్ర దంపతులు నిండిన కొత్త కాలనీ అయితే చావులు తక్కువే ఉంటాయి, రిటైరైనవాళ్లు చేరే సముద్రతీరపు ఊళ్లో ఎక్కువుంటాయి. ఇక ఏడాదికి 120 మందే పుట్టే ఊళ్లో ఒక్క పసివాడు పోతే శిశు మరణాల రేటు 8 పైగా ఎగబాకుతుంది. అలాంటి ఊరికి ఐదేళ్ల జననాలు ఒకచోట, ఐదేళ్ల శిశు మరణాలు ఒకచోట కూడి, అప్పుడు భాగించండి.