చెన్నై శివార్లలో స్తంభాల పునాదిపై చెక్కగది

సొంత స్థలంలో 10 అడుగుల వెడల్పు, 12 అడుగుల పొడవు గల చెక్కగదిని నిర్మించుకోదలచినవారు, స్థానిక సంస్థ అనుమతి తీసుకుని, అక్టోబరులో ఈశాన్య రుతుపవనాల వానలు మొదలుకాక ముందే, వేసవిలోనే పునాది పని ముగించుకోవడం మంచిది.

నేలపై పునాది హద్దులకు ముగ్గు పోసేటప్పుడు తొందర పనికిరాదు. నాలుగు మూలలా గూటాలు పాతి, దారం కట్టి, రెండు కర్ణాలనూ కొలవాలి. రెండూ 15 అడుగుల ఏడున్నర అంగుళాలు వస్తేనే మూలలు సరిగ్గా కుదిరినట్లు. అంగుళం తేడాను మేస్త్రీ సర్దేస్తానన్నా ఒప్పుకోకండి, ఆ తేడా పైకప్పు దాకా వెంటాడుతుంది.

స్తంభాల కోసం వరుసకు మూడు చొప్పున తొమ్మిది గుంతలు తీయాలి. బంకమట్టి తడికి ఉబ్బి, ఎండకు కుంచించుకుపోతుంది కాబట్టి, నాలుగు అడుగులు తవ్వినా గట్టినేల తగలకపోతే ఇంకా లోతుకు వెళ్లాలి. గుంత అడుగుభాగాన్ని వెడల్పు చేసి, ఇనుప చువ్వల బుట్ట మట్టిని తాకకుండా రెండు అంగుళాల సిమెంటు దిమ్మెలపై నిలిపి, ఒక పాలు సిమెంటు, ఒకటిన్నర పాళ్లు ఇసుక, మూడు పాళ్లు కంకర కలిపిన కాంక్రీటు పోయాలి. నీళ్లు ఎక్కువైతే బలం తగ్గుతుంది.

స్తంభాల తలలన్నింటినీ నీళ్లు నింపిన మట్టపు గొట్టంతో ఒకే మట్టానికి తెచ్చి, అవి ఆ వీధిలో వాననీరు నిలిచే ఎత్తును మించేలా చూడాలి. కాంక్రీటు పచ్చిగా ఉండగానే, దూలాలను స్తంభాలకు పట్టి ఉంచే బోల్టులు దించాలి. 2016 డిసెంబరులో వర్దా తుపానును చూసినవారికి దీని అవసరం వేరుగా చెప్పనక్కరలేదు. పది రోజులు గోనెపట్టాలు చుట్టి తడిపాక, చెదలు నేరుగా దూలంలోకి ఎక్కకుండా ప్రతి స్తంభంపై అంచులు కిందికి వంచిన రేకు పరచి, దానిపై దూలాలు బిగించాలి.