థొరాంగ్ లా కనుమ దాటే రోజు: బెంగళూరు నుంచి వెళ్లేవాళ్లు ఎలా సిద్ధపడాలి, ఎలా నడవాలి?

నేపాల్‌లో అన్నపూర్ణ చుట్టూ చేసే ట్రెక్‌లో ఒళ్లు హూనం చేసే రోజు ఇదే. సుమారు 4,500 మీటర్ల దగ్గరున్న థొరాంగ్ ఫేదీలో చీకటితో బయల్దేరి, 5,416 మీటర్ల కనుమ ఎక్కి, అవతల 3,800 మీటర్ల దగ్గరున్న ముక్తినాథ్‌కు దిగాలి. ఎక్కేది 900 మీటర్ల పైచిలుకు, దిగేది 1,600. మొత్తం ఎనిమిది నుంచి పది గంటలు. పైన ఒక్కో ఊపిరికి అందే ఆక్సిజన్ సముద్రమట్టంలో అందేదానికి దాదాపు సగమే.

బెంగళూరులో: ఎక్కడంకన్నా దిగడం సాధన చేయండి

"మనం ఎత్తులోనే ఉన్నాంగా" అనే భరోసా వద్దు. బెంగళూరు 900 మీటర్లే. 2,500 దాటాక వచ్చే ఇబ్బందికి అది ఏమాత్రం అక్కరకు రాదు. ఇక్కడ తయారు చేసుకోగలిగింది కాళ్లనూ, గుండెనూ.

అపార్ట్‌మెంట్‌లో చాలామంది మెట్లెక్కి, లిఫ్ట్‌లో దిగుతారు. అదే తప్పు. 1,600 మీటర్ల దిగుడంటే అంతస్తుకు 3 మీటర్ల లెక్కన 530 అంతస్తులు. దిగేటప్పుడు తొడ కండరాలు బిగుసుకుంటూనే సాగుతాయి. అలవాటు లేకపోతే సగం దారిలోనే కాళ్లు వణుకుతాయి. 15 అంతస్తుల టవర్‌ని పన్నెండుసార్లు దిగితే 540 మీటర్లు, అంటే ఆ రోజు దిగుడులో మూడోవంతు. ఎనిమిది వారాల ముందు రెండు మూడుసార్లతో మొదలుపెట్టి అక్కడికి చేరండి. బ్యాగులో నీళ్ల సీసాలు పెట్టుకుని 6 కిలోల బరువు మోయండి. ఆదివారాలు నంది కొండ మెట్లదారో, సావనదుర్గ బండో సరిపోతాయి. ట్రెక్‌కు వేసుకునే బూట్లతోనే నడవండి.

ముందు రోజు వరకూ

3,000 మీటర్లు దాటాక రాత్రి పడుకునే ఎత్తును రోజుకు 500 మీటర్లకు మించి పెంచకూడదు. దారిలో వచ్చే మనాంగ్ ఊళ్లో, అంటే 3,540 మీటర్ల దగ్గర, రెండు రాత్రులు ఉండాలి. సెలవులు అయిపోతున్నాయని ఆ రోజును మింగేసినవాళ్లే ఫేదీలో తల పట్టుకుని కూర్చుంటారు.

ఫేదీకి పైన సుమారు 4,880 మీటర్ల దగ్గర హై క్యాంప్ ఉంది. అక్కడ పడుకుంటే మర్నాటి ఎక్కుడు తగ్గుతుంది, కానీ నిద్ర పట్టదు. అంతకుముందు ఒక్కసారైనా తలనొప్పి వచ్చి ఉంటే ఫేదీలోనే పడుకోవడం మంచిది.

ఎత్తులో వచ్చే జబ్బు రాకుండా వేసుకునే డయామాక్స్ మాత్ర గురించి ఊళ్లోనే డాక్టర్‌ని అడగండి. మామూలుగా చెప్పే మోతాదు 125 మి.గ్రా. పొద్దున, సాయంత్రం, ఎత్తుకు ఎక్కడానికి ముందు రోజే మొదలవుతుంది. సల్ఫా మందులు పడనివాళ్లు ఆ మాట తప్పకుండా చెప్పాలి. వేళ్లు తిమ్మిరెక్కడం, మాటిమాటికీ మూత్రం రావడం మామూలే.

బయల్దేరే వేళ

పొద్దెక్కేకొద్దీ కనుమ మీద గాలి చెలరేగుతుంది. అందుకే ఫేదీ నుంచి నాలుగింటికల్లా కదలాలి. ఫోనూ, పవర్ బ్యాంకూ, హెడ్‌ల్యాంప్ బ్యాటరీలూ రాత్రంతా స్లీపింగ్ బ్యాగులోనే పెట్టుకోండి, లేదంటే చలికి చార్జ్ పడిపోతుంది.

కాటన్ బనియన్ వేసుకోకండి. చెమటకు తడిసి, ఆగిన మరుక్షణం ఐసులా అంటుకుంటుంది. మొదటి పది నిమిషాలు కాస్త చలేసేలా బయల్దేరితే సరైన బట్టలు వేసుకున్నట్టు.

నీళ్లు రెండు లీటర్లు: ఒక లీటరు ఫ్లాస్కులో వేడిగా, ఒక లీటరు సీసాలో. సీసాకు ఉన్ని సాక్సు తొడిగి తలకిందులుగా పెట్టండి. నీళ్లు పైనుంచి గడ్డకడతాయి కాబట్టి మూత వైపు తెరుచుకుంటుంది. గొట్టంతో తాగే బ్యాగులు ఇక్కడ మోసం చేస్తాయి. తాగిన ప్రతిసారీ గొట్టంలో నీళ్లను వెనక్కి ఊదకపోతే అరగంటలో బిగుసుకుపోతుంది.

పల్లీ చిక్కీ, ఖర్జూరాలు లోపలి జేబులో ఉంచండి. బ్యాగులో ఉంటే చిక్కీ రాయవుతుంది. ఆకలి ఉండదు, అయినా అరగంటకో ముక్క నోట్లో వేసుకోవాలి.

నడక

వెనక కాలు మోకాలు నిటారుగా చాచి, ఒంటి బరువంతా దాని మీద వేయండి. ముందు కాలిని మెట్టు మీద వదులుగా ఆనించి ఒక్క క్షణం ఆగండి. ఊపిరి పూర్తిగా వదిలి, అప్పుడు బరువు ముందుకు మార్చండి. ప్రతి అడుగుకీ తొడకు ఆ క్షణం విశ్రాంతి దొరుకుతుంది. పక్కనున్నవాళ్లతో ముక్క ముక్కగా కాకుండా ఒక వాక్యం చెప్పలేకపోతున్నారంటే వేగం ఎక్కువైనట్టే. గబగబా ఇరవై అడుగులేసి రెండు నిమిషాలు రొప్పడంకన్నా నత్తనడకే ముందు చేరుస్తుంది.

ఎప్పుడు వెనక్కి తిరగాలి

గడియారం చూసే నిర్ణయం ముందు రాత్రే అయిపోవాలి: పదకొండుకల్లా కనుమ చేరలేమనిపిస్తే వెనక్కే.

తలనొప్పితో పాటు వాంతి వచ్చేలా ఉంటే పైకి వద్దు, మాత్ర వేసి కప్పిపెట్టొద్దు. అనుమానం వస్తే ఒక కాలి వేళ్లకు ఇంకో కాలి మడమ ఆనిస్తూ గీత మీద పది అడుగులు వేయించండి. తూలితే మెదడు వాస్తోందన్నమాట. కూర్చున్నా ఆయాసం తగ్గకపోతే ఊపిరితిత్తుల్లో నీరు చేరుతున్నట్టు. ఈ రెండింటికీ వైద్యం ఒకటే, వెంటనే కిందికి దిగడం. మనిషిని ఒంటరిగా పంపకూడదు.

వాతావరణం సంగతి మన తీరంలోనే మొదలవుతుంది. 2014 అక్టోబర్ 12న విశాఖను కొట్టిన హుద్‌హుద్ తుపాను, రెండు రోజులకే ఈ కనుమ చుట్టూ మంచుతుపానుగా కురిసింది. ఆ ప్రాంతంలో 40 మందికి పైగా చనిపోయారు. బంగాళాఖాతంలో వాయుగుండం ఉందని తెలిస్తే మనాంగ్‌లోనే ఆగండి. తుపాను వార్త వస్తే మెసేజ్ పెట్టమని ఇంట్లోవాళ్లకు ముందే చెప్పి ఉంచండి.

దిగుడు

పైన పావుగంట చాలు. దిగేముందు గోళ్లు కత్తిరించి ఉన్నాయా అని చూసుకోవడం అప్పుడు కుదరదు, ముందు రోజే చేయాలి. బూటు లేసును చీలమండ దగ్గర గట్టిగా బిగించండి, వేళ్ల దగ్గర వదులుగా ఉంచండి. లేదంటే పాదం ముందుకు జారి, బొటనవేలి గోరు సాయంత్రానికి నల్లబడుతుంది. చేతికర్రలను 5 నుంచి 10 సెంటీమీటర్లు పొడుగు చేయండి. మంచు మెరుస్తుంటే నల్ల కళ్లద్దాలు తీయకండి. సుమారు 4,200 మీటర్ల దగ్గర టీ దుకాణాలు వస్తాయి; అక్కడ తడి సాక్సులు మార్చుకుని, వేడిగా ఏదైనా తిన్నాకే మిగతా దారి పట్టండి.