జీడిచెట్టు మొదలు చూడండి: కాండం తొలిచే పురుగును పట్టే పద్ధతి

జీడిచెట్టు ఆకు పసుపెక్కిందని మన కంటపడే నాటికి పురుగు తన పని సగానికి పైగా ముగించేసి ఉంటుంది. బరంపురం చుట్టుపక్కలైనా, పర్లాకిమిడి, కాశీనగరం, గుణుపురం వైపైనా తోటకు వెళ్లినవాళ్లు ముందు పూతకేసి చూస్తారు. చిగుళ్ల, పూత రసం పీల్చే పురుగైన టీ దోమ కొడితే ఒక ఏడాది పిక్కలు పోతాయి, చెట్టు మళ్లీ చిగురిస్తుంది. కాండం తొలిచే పురుగు పడితే పదిహేనేళ్ల చెట్టు నిలువునా ఎండిపోతుంది. ఆ పురుగు ఉండేది చెట్టు మొదట్లో, బెరడు కింద.

పొడుగాటి మీసాలున్న, ఎర్రటి గోధుమ రంగు పెంకుపురుగు ఇది. రాత్రిపూట తిరుగుతుంది కాబట్టి కంటికి కనపడడం తక్కువ. ఎక్కువగా డిసెంబరు నుంచి మే దాకా గుడ్లు పెడుతుంది. నేల నుంచి మీటరు ఎత్తు లోపల బెరడు పగుళ్లలో, పైకి తేలిన వేళ్ల సందుల్లో ఆ గుడ్లు బియ్యపు గింజల్లా ఉంటాయి. బయటికొచ్చిన పిల్లపురుగు బెరడు కిందికి దూరి మెత్తటి పొరను తింటూ సొరంగాలు చేసుకుంటూ పోతుంది. చెట్టుకు తిండి నడిచే దారి అదే. సొరంగాలు చుట్టూ తిరిగి కలిసిపోతే వేళ్లకు తిండి అందదు. కొన్ని నెలలకు పురుగు చేతి వేలంత అయి, చేవలోకో వేరులోకో పోయి సున్నపు గూడు కట్టుకుంటుంది. అక్కడికి చేరిందంటే ఉలికీ అందదు, మందుకీ అందదు. పట్టుకోవలసింది మొదటి రెండు మూడు నెలల్లోనే.

జనవరి నుంచి జూన్ దాకా నెలకొకసారి, వానలు తగ్గాక అక్టోబరులో మరోసారి ప్రతి చెట్టు మొదలూ చూడాలి. చుట్టూ ఉన్న ఆకు చెత్త లాగేసి, మట్టిని జానెడు లోతు తీసి, వేళ్లు కాండంలో కలిసే చోటు బయటపెట్టండి. చిన్న చిన్న రంధ్రాలు, వాటి నుంచి కారిన బంక, బంకలో అంటుకున్న రంపపు పొట్టు కనపడతాయి. ఆ పొట్టును వేళ్ల మధ్య నలిపి చూడండి. తడిగా, లేత గోధుమ రంగులో పీచుపీచుగా ఉంటే పురుగు లోపలే ఉంది. నల్లబడి పొడిగా రాలితే పాతది. ఉలి పిడితో బెరడు మీద తట్టుతూ రండి, తిన్న చోట డొల్ల చప్పుడు వస్తుంది.

ఉలి, సుత్తి, కొన వంచిన సైకిల్ పుల్ల, ఒక డబ్బాలో కిరోసిన్ నీళ్లు ఉంటే చాలు. రంధ్రం దగ్గర మొదలుపెట్టి సొరంగం పోయిన దారినే బెరడు తీస్తూ వెళ్లండి. బాగున్న బెరడును ముట్టుకోవద్దు. కంగారులో చుట్టూ చెక్కేస్తే పురుగు చేయాల్సిన పని మనమే చేసినట్టవుతుంది. లోతుగా పోయిన చోట పుల్ల దూర్చి పురుగును లాగి డబ్బాలో వెయ్యండి. ఒకటి దొరికిందని ఆపొద్దు. ఒక్క చెట్టులోనే చాలా పురుగులుంటాయి, వేళ్ల అడుగున కూడా వెతకాలి. కోసిన అంచులు కిందికి ఏటవాలుగా ఉంటే గాయంలో వాన నీరు నిలవదు.

పురుగులన్నీ తీశాకే మందు. క్లోర్‌పైరిఫాస్ 20 ఈసీ లీటరు నీటికి 10 మి.లీ., అంటే పది లీటర్ల బకెట్‌కు 100 మి.లీ. కలిపి, గాయాలకూ మీటరు ఎత్తు దాకా కాండానికీ పాత గుడ్డతో పూసి, మిగిలింది వేళ్ల మొదట్లో పోయండి. చేతికి తొడుగులు వేసుకోండి. కింద రాలిన పిక్కలు, పళ్లు ముందే ఏరేయండి. పశువులను అటు తోలొద్దు. నెల తిరక్కుండా మళ్లీ వచ్చి చూడండి. తడి పొట్టు కొత్తగా పడి ఉంటే లోపల ఇంకొకటి మిగిలినట్టే.

పురుగు పట్టని చెట్లకు ముందు జాగ్రత్తగా తారు, కిరోసిన్ ఒకటికి రెండు పాళ్లలో కలిపి మీటరు ఎత్తు దాకా పూస్తారు. తారు వేడి చేయాల్సి వస్తే పొయ్యి మీద నుంచి దించి, మంటకు దూరంగా తీసుకెళ్లాకే కిరోసిన్ పోయాలి. తారు వద్దనుకునేవాళ్లు లీటరు నీటికి 50 మి.లీ. వేపనూనె, కాస్త సబ్బు నీళ్లు కలిపి పూయవచ్చు, కానీ వానకు కొట్టుకుపోతుంది, మళ్లీ మళ్లీ పూయాలి. చాలామంది చేసే పొరపాటు ఒకటుంది: బంక కారుతున్న చెట్టుకు కూడా వెతక్కుండా తారు పూసేస్తారు. అప్పుడు పురుగు లోపల నిశ్చింతగా తింటూ ఉంటుంది, మనకు ఆనవాలు కూడా కనపడదు.

డిసెంబరులో టీ దోమ కోసం పంపు ఎలాగూ తోటకు వస్తుంది కాబట్టి కాండానికి తారు పూసే పని కూడా ఆ వారంలోనే పెట్టుకోండి. టీ దోమకు లాంబ్డా సైహలోత్రిన్ 5 ఈసీ లీటరుకు 0.6 మి.లీ. సరిపోతుంది. లేత చిగుళ్ల మీద నల్ల మచ్చలు కనపడితేనే కొట్టండి, పూత మీద తేనెటీగలు తిరిగే వేళ అస్సలు వద్దు. ఆకులు కుట్టి గూళ్లు కట్టే ఎర్ర చీమలు ఉన్న చెట్టుకు టీ దోమ బెడద తక్కువ, ఆ గూళ్లు దులపకండి.

పిక్కలు ఏరడానికి వీలుగా ఉంటుందని మొదట్లో ఆకు చెత్త తగలబెట్టడం మానాలి. కాలిన బెరడు పగులుతుంది, ఆ పగుళ్లే పెంకుపురుగుకు కావాలి. నేలకు ఆనిన కొమ్మలు కోసి మొదటికి ఎండ తగలనివ్వండి. తేలిన వేళ్లకు మట్టి ఎగదోయండి. 2018 అక్టోబరులో తిత్లీ తుపాను వచ్చినప్పటిలా గాలివానకు ఒరిగి, వేళ్లు సగం తెగిన చెట్లను మిగతావాటికన్నా ముందు చూడాలి.

చుట్టుకొలతలో సగానికి మించి బెరడు పోయి, ఆకంతా పసుపెక్కిన చెట్టు ఇక నిలవదు. కోసేయడానికి మనసొప్పదు, నిజమే. కానీ దాన్ని ఉంచితే పక్క పది చెట్లకు పురుగు అక్కణ్నుంచే వెళుతుంది. నేలమట్టంగా నరికి వదిలేస్తే మోడులో, వేళ్లలో గూళ్లు అలాగే ఉంటాయి. వేళ్లతో సహా పెకలించి, మొదలు, లావు వేళ్లు చీల్చి వెంటనే కాల్చేయండి. వంటచెరకుగా ఇంటి వెనక పేర్చి ఉంచితే వేసవిలో ఆ మోపులోంచే పెంకుపురుగులు లేచి మళ్లీ తోటకు చేరతాయి.