బడి మరమ్మతుకు ఒడిశా సర్కారు సొమ్ము రప్పించడం ఎలా?

వాన పడితే మూడో తరగతి పిల్లలు రెండో తరగతి గదిలోకి వచ్చి కూర్చుంటారు. గంజాం, గజపతి, రాయగడ, కొరాపుట్ జిల్లాల్లో మన తెలుగువాళ్లున్న ఊళ్లలో ఇది కొత్తేమీ కాదు. స్లాబు కారుతోందని ఊరందరికీ తెలుసు. సొమ్ము ఇచ్చే ఆఫీసు కాగితంలో మాత్రం ఆ గది ‘బాగుంది’ అనే ఉంటుంది. ఆ కాగితం మారేదాకా పైసా రాదు.

ముందు బడి ఏ శాఖదో తేల్చుకోండి. మామూలు ప్రభుత్వ బడి అయితే బ్లాకులో బీఈఓ (బ్లాకు విద్యాధికారి) దగ్గరికి వెళ్లాలి. సేవాశ్రమ్, ఆశ్రమ పాఠశాలలు ఎస్టీ, ఎస్సీ అభివృద్ధి శాఖవి. వాటికి బ్లాకులో వెల్ఫేర్ ఎక్స్‌టెన్షన్ ఆఫీసరు, జిల్లాలో డీడబ్ల్యూఓ (జిల్లా సంక్షేమాధికారి). మొదటి ఏడాది మేం తప్పు గుమ్మం తొక్కాం. అర్జీ తీసుకుని ముద్ర కూడా కొట్టారు. నాలుగు నెలలు తిరిగాక “ఇది మా బడి కాదు బాబూ” అన్నారు.

తర్వాత ఫోను పట్టుకుని బడంతా తిరగండి. గోడ పూతలో వెంట్రుకంత సన్నని బీట ఉంటే కంగారు అక్కర్లేదు. కిటికీ మూల నుంచి ఏటవాలుగా పాకిన పగులుతోనే భయం. పగులు రెండు కొనల దగ్గరా పెన్సిలుతో గీత గీసి తేదీ వెయ్యండి. నెల తర్వాత పగులు గీత దాటితే గోడ కదులుతోందన్నమాట. స్లాబు పెచ్చులు ఊడి తుప్పు పట్టిన చువ్వలు బయటపడ్డాయా, పిట్టగోడ మీద రావి మొక్క మొలిచిందా, స్విచ్చిబోర్డు తడుస్తోందా, బావికి గోడ ఉందా చూడండి. ప్రతి ఫొటోకీ గది పేరు, తేదీ రాసి పెట్టుకోండి. ప్రమాదమనిపించిన గదికి తాళం వేయించండి. దానికి ఎవరి మంజూరూ అక్కర్లేదు.

ఇప్పుడు అసలు కాగితం. బడుల వివరాలన్నీ సర్కారు నమోదు చేసే లెక్కల పేరు యూడైస్. ప్రతి బడికీ అందులో 11 అంకెల కోడు ఉంటుంది. దానికోసం బడి ఏటా నింపే ఫారంలో గదుల్ని బాగున్నవి, చిన్న మరమ్మతు కావాల్సినవి, పెద్ద మరమ్మతు కావాల్సినవి అని మూడు రకాలుగా చూపిస్తారు. “మాస్టారూ, ఆ ఫారం ఒకసారి చూపిస్తారా?” అని మెత్తగా అడగండి. పెద్ద మరమ్మతు అని రాయడానికి కొందరు జంకుతారు. గది మూయమంటారని ఒక భయం. పిల్లలు తక్కువున్న తెలుగు బడిని పక్కనున్న ఒడియా బడిలో కలిపేస్తారని ఇంకో భయం. ఇది ఉత్త భయం అనను. కానీ పెచ్చులూడే గదిలో పిల్లల్ని కూర్చోబెట్టి బడిని నిలబెట్టుకోవాలా?

ఫారం సరైందంటే ఇక తీర్మానం. 2009 విద్యాహక్కు చట్టం ప్రకారం స్కూల్ మేనేజ్‌మెంట్ కమిటీలో నాలుగింట మూడొంతులు తల్లిదండ్రులే ఉండాలి, సభ్యుల్లో సగం మంది ఆడవాళ్లు ఉండాలి. బడి అభివృద్ధి ప్రణాళిక రాసే పని ఆ కమిటీదే. డిసెంబరులోపు తీర్మానం చేసి పంపితే వచ్చే ఏడాది ప్రణాళికకు అందుతుంది. ఫిబ్రవరిలో జరిగే పల్లిసభలో (ఊరి ఓటర్ల సభ) కూడా అదే విషయం రాయించండి. అర్జీ ఒడియాలో ఉంటే పని తొందరగా కదులుతుంది. ఒడియా మీడియంలో చదివే పిల్లలు ప్రతి వీధిలో ఉన్నారు, వాళ్లతో రాయించండి. 2025 జూలైలో రాజస్థాన్ ఝాలావాడ్ జిల్లాలో బడి కూలి ఏడుగురు పిల్లలు చనిపోయాక, అన్ని బడుల్లో భద్రతా తనిఖీ చేయాలని కేంద్రం రాష్ట్రాలకు చెప్పింది. ఆ సంగతి అర్జీలో ఒక వాక్యం రాయండి. బ్లాకు జేఈని (జూనియర్ ఇంజినీరు) పిలిపించి ఎస్టిమేటు వేయించండి. అది లేని అర్జీ ఫైల్లోనే ఉండిపోతుంది.

సొమ్ము ఎక్కడిది? బడుల కోసం కేంద్రం, రాష్ట్రం కలిసి నడిపే సమగ్ర శిక్షా పథకం కింద ఏటా వచ్చే కాంపోజిట్ గ్రాంటు పిల్లల సంఖ్యను బట్టి ఉంటుంది. 30 మంది దాకా 10,000 రూపాయలు, 100 దాకా 25,000, 250 దాకా 50,000, వెయ్యి దాకా 75,000, ఆపైన లక్ష. అందులో పదో వంతు శుభ్రతకే పోతుంది. సున్నానికి, కుళాయికి, బల్బులకి సరిపోతుంది గానీ స్లాబుకి చాలదు. పెద్ద పనికి సమగ్ర శిక్షా వార్షిక ప్రణాళికలోనే చోటు దొరకాలి. కేంద్రం 60, రాష్ట్రం 40 పాళ్లలో భరిస్తాయి. బాక్సైటు తవ్వే కొరాపుట్, రాయగడ జిల్లాల వాళ్లు కలెక్టరు దగ్గర జిల్లా ఖనిజ నిధి కూడా అడగొచ్చు, అందులో చదువుకి ప్రాధాన్యం ఉంది. ఎమ్మెల్యే, ఎంపీ నిధులు సరేసరి. పాత విద్యార్థులు చందా వేసుకుంటే ఇంకో దారి ఉంది. 2017లో ఆ సర్కారు పథకం ‘మో స్కూల్’ (నా బడి) పేరుతో మొదలైనప్పుడు వాళ్లిచ్చిన దానికి రెట్టింపు సర్కారు కలిపేది. ఇప్పుడు దాని పేరు పంచసఖా శిక్షా సేతు. బరంపురంలోనో విశాఖలోనో స్థిరపడ్డ మనవాళ్లకి ఫోన్లు చెయ్యండి.

తుఫాను దెబ్బకి దారి వేరు. 2018 అక్టోబరు 11న తిత్లీ గజపతి జిల్లాను ముంచింది. అలాంటప్పుడు ఆ రోజే ఫొటోలు తీసి బీఈఓతో పాటు తహసీల్దారుకీ ఇవ్వండి. నష్టం లెక్కలు కట్టేటప్పుడు బడి పేరు జాబితాలో లేకపోతే తర్వాత ఎక్కించడం కష్టం.

అర్జీ కదలకపోతే టెన్షన్ పడొద్దు. సోమవారం కలెక్టరు, ఎస్పీ కలిసి వినే గ్రీవెన్సుకి వెళ్లండి, లేదా ఫిర్యాదులు తీసుకునే రాష్ట్ర సర్కారు వెబ్‌సైటు జనసుణాణి పోర్టల్‌లో పెట్టండి. అప్పటికీ జవాబు రాకపోతే సమాచార హక్కు దరఖాస్తు. ఒడిశాలో దానికి ఫారం-ఏ ఉంటుంది, ఫీజు 10 రూపాయలు, గడువు 30 రోజులు. “మా అర్జీ ఏ తేదీన ఎవరి టేబుల్ మీద ఉంది?” అన్న ఒక్క ప్రశ్న చాలు. ప్రతి చోటా రసీదు తీసుకోవడం మరవకండి.

మంజూరై పని మొదలైతే పాత స్లాబు పగలగొట్టే రోజులు ముందే కనుక్కోండి. ఆ రోజుల్లో పిల్లల్ని వేరే చోట కూర్చోబెట్టించండి.